డీజిల్ ఇంజన్ రీబోరింగ్: పిస్టన్ ఎంపిక, కంప్రెషన్ రేషియో లెక్క

పొగ ఎక్కువగా వస్తూ, ఆయిల్ తాగుతూ, హ్యాండిల్ ఎంత తిప్పినా స్టార్ట్ కాని పంపు ఇంజన్‌కు ఒట్టి రింగులు మార్చితే సరిపోకపోవచ్చు. సిలిండర్ అరిగితే పిస్టన్ కూడా మార్చాలి. సరిపడని పిస్టన్ వేస్తే ఖర్చు వృథా, పంటకు నీళ్లు పెట్టే సమయంలో ఇంజన్ మళ్లీ షెడ్డుకే.

పిస్టన్ ఎంపిక

• సిలిండర్‌ను పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలిపించండి. లైనర్ ఉన్న ఇంజన్ అయితే లైనర్, పిస్టన్, పిన్ను, రింగులు ఒకే సెట్టుగా తీసుకోవడం మేలు.
• ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. సైజుల్లో ఉంటాయి. అరుగుదల పూర్తిగా పోయే సైజుల్లో చిన్నది ఎంచుకుంటే మరోసారి రీబోరింగ్‌కు అవకాశం మిగులుతుంది.
• ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ షాపులో ఇచ్చి, దాని కొలతకే బోరింగ్ చేయించండి.
• పాత, కొత్త పిస్టన్లను పక్కపక్కన పెట్టి పిన్ను మధ్య నుంచి తల వరకు ఎత్తు, తలలోని గుంట లోతు, వెడల్పు, పిన్ను మందం సరిచూడండి. వ్యాసం ఒకటే అయినంత మాత్రాన అదే పిస్టన్ కాదు.

లెక్క ఇలా

సిలిండర్ ఘనపరిమాణం = 0.7854 × బోర్ × బోర్ × స్ట్రోక్ (సెం.మీ.లలో). 80 మి.మీ. బోర్, 110 మి.మీ. స్ట్రోక్ ఇంజన్‌కు:
0.7854 × 8 × 8 × 11 = 553 సీసీ.

పిస్టన్ పైకి చేరాక మిగిలే ఖాళీ: గుంటలో 30.5 సీసీ, పిస్టన్ తలకు హెడ్‌కు మధ్య 1 మి.మీ. సందులో 5 సీసీ అనుకుందాం. మొత్తం 35.5 సీసీ. గుంట కొలవాలంటే పిస్టన్‌ను సమంగా నిలబెట్టి సిరంజితో డీజిల్ నింపండి.

కంప్రెషన్ రేషియో = (553 + 35.5) ÷ 35.5 = 16.6

ఏది ఎంత మారుస్తుంది?

• 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే: 16.7. తేడా స్వల్పమే.
• గాస్కెట్ 0.5 మి.మీ. మందం పెరిగితే: 15.5. చలిలో స్టార్టింగ్ కష్టం, తెల్ల పొగ.
• పిస్టన్ ఎత్తు 0.5 మి.మీ. పెరిగితే: 17.8. వాల్వులు పిస్టన్‌కు తగిలే ప్రమాదం.

అంటే రీబోరింగ్ కన్నా పిస్టన్ ఎత్తు, గుంట, గాస్కెట్ మందమే రేషియోను ఎక్కువగా మారుస్తాయి.

స్టార్ట్ చేసే ముందు

పిస్టన్ తలపై పిన్ను వరుసలో ఇరువైపులా, గుంటకు, వాల్వులకు దూరంగా, మెత్తని సీసపు తీగ ముక్కలు పెట్టించండి. కొత్త గాస్కెట్‌తో హెడ్ బిగించి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పించండి. నలిగిన తీగ మందమే అసలు సందు. అది మీ ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లో ఉంటేనే స్టార్ట్ చేయించండి. తీగ ముక్కలన్నీ బయటికి తీశారో లేదో చూసుకోండి.