హోమారే సావా: మూతబడే లీగుల మధ్య ఒక కెరీర్

2011 జూలై 17, ఆదివారం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్, అమెరికా - జపాన్. మనకి అప్పటికే అర్ధరాత్రి దాటింది. పొద్దున్నే స్టేటస్ కాల్ ఉందని తెలిసీ టీవీ ముందు కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, సగం చూసి పడుకుందామనే. అంతకుముందు 25 సార్లు తలపడితే జపాన్ ఒక్కసారి కూడా అమెరికాని ఓడించలేదు మరి!

అదనపు సమయంలో అమెరికా 2-1తో ముందుంది. 117వ నిమిషంలో జపాన్‌కి కార్నర్. అయా మియామా కొట్టిన బంతిని, ముందుకి దూసుకొచ్చిన పదో నంబరు అమ్మాయి కాలి బయటి అంచుతో లోపలికి తిప్పేసింది. 2-2. తర్వాత పెనాల్టీల్లో 3-1తో జపాన్ గెలిచింది. ఆ పదో నంబరే హోమారే సావా. అప్పటికి ఆమెకి 32 ఏళ్ళు, అది ఆమె ఐదో ప్రపంచకప్.

ఆ గోల్ గురించి అందరూ రాశారు. నన్ను పట్టుకున్నది వేరే. ఆవిడ రెజ్యూమె చూస్తే ఉద్యోగం ఇచ్చిన ప్రతి చోటా ఏదో ఒకటి మూతబడుతూనే ఉంది. మన ఫీల్డులో వాళ్ళకి ఇది బాగా తెలిసిన కథే :)

జపాన్‌లో మహిళల లీగ్ 1989లో మొదలైంది. స్థలాలు, షేర్లు ఆకాశంలో ఉన్న బబుల్ రోజులు. కంపెనీలు తలా ఒక జట్టు పెట్టుకుని, నార్వే నుంచి కూడా ఆటగాళ్ళని తెప్పించుకున్నాయి. సావా 12 ఏళ్ళకే యోమియురి బెలెజాలో చేరింది. 15 ఏళ్ళకి, 1993 డిసెంబరులో, దేశం తరఫున మొదటి మ్యాచ్‌లోనే ఫిలిప్పీన్స్ మీద 4 గోల్స్ కొట్టింది. బబుల్ పేలాక, కంపెనీలు ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు కనిపించేది ఏంటి? 1996 నుంచి వరుసగా మూడేళ్ళు లీగ్ గెలిచిన నిక్కో సెక్యూరిటీస్ జట్టునే ఎత్తేశారు. అంటే బాగా ఆడితే జట్టు నిలుస్తుందన్న గ్యారంటీ కూడా లేదన్నమాట. 1999 ప్రపంచకప్‌లో జపాన్ తన గ్రూపులో అట్టడుగున మిగిలి, సిడ్నీ ఒలింపిక్స్‌కి దూరమైంది.

సావా 1999లోనే అమెరికా వెళ్ళిపోయింది. మనం ఆన్‌సైట్ అనుకునే లాంటిదే, కాకపోతే తిరిగి రమ్మని పిలిచే ప్రాజెక్టు ఏదీ వెనకాల లేదు. 2001లో అక్కడ మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూయూఎస్ఏ మొదలైతే అట్లాంటా బీట్‌లో చేరింది. ఆ ఏడు ఫైనల్లో వాళ్ళని ఓడించింది ఎవరో తెలుసా? శాన్‌హోసే వాళ్ళు, పేరు బే ఏరియా సైబర్‌రేస్! డాట్‌కామ్‌లు కూలుతున్న ఏడాదిలో ఆ పేరుతో కప్పు కొట్టారు. ఐదేళ్ళకని పెట్టుకున్న 4 కోట్ల డాలర్లు మొదటి ఏడాదికే అయిపోయాయి. 2003 సెప్టెంబరులో, ప్రపంచకప్ ఇంకో ఐదు రోజుల్లో మొదలవుతుందనగా, లీగ్ మూసేశారు. మన పింక్ స్లిప్పులే నయం, కనీసం రిలీజ్ అయ్యేదాకా ఆగుతారు.

సావా మళ్ళీ బెలెజాకి. 2004 ఏప్రిల్‌లో టోక్యోలో ఉత్తర కొరియాతో మ్యాచ్, గెలిస్తేనే ఏథెన్స్ ఒలింపిక్స్. మోకాలి గాయంతోనే దిగింది. 30 వేలమందికి పైగా జనం, 3-0 గెలుపు. నన్నడిగితే ఆవిడ కెరీర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ కన్నా పెద్ద రోజు అదే. అది ఓడుంటే జపాన్‌లో మహిళల ఫుట్‌బాల్‌ని పట్టించుకునే వాళ్ళెవరూ మిగిలేవాళ్ళు కాదేమో.

2009లో అమెరికాలో ఇంకో లీగ్, ఇంకో ఉద్యోగం: వాషింగ్టన్ ఫ్రీడమ్. 2010 తర్వాత ఆ జట్టుని కొనుక్కున్నది మ్యాజిక్‌జాక్ యజమాని. అవును, మన ఎన్నారైలు ఇంటికి ఫోన్లు చేసుకున్న ఆ డబ్బాయే. జట్టు పేరు కూడా మ్యాజిక్‌జాక్ అని మార్చేశాడు. అప్పటికి సావా కోబేకి వెళ్ళిపోయింది, ఆ లీగ్ 2012లో ఆగిపోయింది.

2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ. క్వార్టర్‌ఫైనల్లో జర్మనీ మీద సావా అందించిన బంతిని గోల్ చేసిన కరీనా మరుయామా, అంతకుముందు ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేస్తూ ఆ కంపెనీ జట్టుకి ఆడిన అమ్మాయి. ఆ జట్టూ ఆ ఏడే ఆగిపోయింది.

కప్పు గెలిచాక అన్నీ మారిపోయాయనుకుంటాం కదా. 2012లో లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళేటప్పుడు ఒకే విమానంలో మగపిల్లల జట్టు బిజినెస్ క్లాసులో, ప్రపంచ విజేతలైన ఆడవాళ్ళు ఎకానమీలో కూర్చున్నారు. వయసు ప్రకారం చూసినా తిరగేసి ఉండాల్సింది కదా అని సావా అంది. వెండి పతకం తెచ్చాకే తిరుగు ప్రయాణంలో బిజినెస్ క్లాసు దొరికింది.

జపాన్‌లో పూర్తి ప్రొఫెషనల్ మహిళల లీగ్ 2021లో గానీ రాలేదు. సావా 2015 డిసెంబరులోనే రిటైరైంది, 205 మ్యాచ్‌లు, 83 గోల్స్, ఆరు ప్రపంచకప్‌ల తర్వాత. చివరి మ్యాచ్ ఎంప్రెస్ కప్ ఫైనల్. 78వ నిమిషంలో కార్నర్ వచ్చింది. తలతో కొట్టింది. 1-0, కోబే గెలిచింది.