కాటన్ అను ఇంటిపేరు

గోదావరిపై ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి పూర్తిచేయించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు ఎరుగని ఆంధ్రుడుండడు. ఆ ఇంటిపేరు వినగానే మనకు ప్రత్తి స్ఫురించును. కాని దానికిని ప్రత్తికిని సంబంధము లేదు. ప్రత్తిని తెలుపు ఆంగ్లపదము అరబ్బీనుండి ఫ్రెంచి మూలమున వచ్చినది. ఇంటిపేరు ప్రాచీనాంగ్లమున గుడిసె అను అర్థముగల ‘కాట్’ శబ్దమునుండి పుట్టినది. ‘కాటుమ్’ అనగా ‘గుడిసెలవద్ద’ అని అర్థము.

అట్టి గుడిసెల పల్లెలు ఇంగ్లండులో అనేకము. సఫోక్, స్టాఫర్డ్‌షైర్ సీమలలో కాటన్ గ్రామములును, కేంబ్రిడ్జివద్ద కోటన్ గ్రామమును నేటికిని గలవు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప వంశపారంపర్యముగా ఇంటిపేర్లు క్రమముగా స్థిరపడినవి. ఏ కాటన్‌నుండి బయలుదేరినవాడైనను పొరుగూరిలో కాటన్‌వాడే యగును. కావున ఒకే పేరు పలుచోట్ల, రక్తసంబంధము లేని కుటుంబములకు ఏర్పడినది.

మరి ఒక వంశమును గుర్తించుటెట్లు? నేటినుండి వెనుకకు ఒక్కొక్క తరమే నడువవలెను. 1837 జూలైనుండి ప్రభుత్వపు జనన మరణ వివాహముల నమోదు గలదు. అంతకు పూర్వము, 1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞతో ఆరంభమైన చర్చి దస్తావేజులు గలవు. ఆపైన వీలునామాలు, భూమిపత్రములు, పన్నుల పట్టీలు శరణ్యము. తండ్రి పేరు పత్రమున దొరకనిచోట ఆగుటయే పరిశోధకుని ధర్మము.

ఈ ధర్మమును పాటించుట తేలిక కాదు. గ్రంథసంగ్రహణమున అద్వితీయుడైన సర్ రాబర్టు కాటన్ (1571–1631) సైతము స్కాట్లండు రాజైన బ్రూస్ వంశముతో తనకు గల చుట్టరికమును చాటుకొనుటకై ‘బ్రూసియస్’ అని సంతకమునకు తోక తగిలించెను. వంశగౌరవముపై మక్కువ పండితులను సైతము విడువదు! అయినను ఆయన కూర్చిన గ్రంథములు 1731లో అగ్నిప్రమాదమునకు గురియై, మిగిలినవి 1753లో బ్రిటిష్ మ్యూజియము స్థాపనకు పునాదియైనవి.

ఆర్థర్ కాటన్ శాఖ చెషైర్‌లోని కూంబర్‌మియర్‌కు చెందినది. అచ్చటి మఠము 1538లో రద్దు కాగా, ఆ భూములు సర్ జార్జి కాటన్‌కు దక్కినవి. 1826లో భరత్‌పూరు కోటను పట్టిన సేనాని స్టాపుల్టన్ కాటన్ ఈ వంశమువాడే. ఆర్థర్‌కు పెదతండ్రి కుమారుడు.

ఇటీవల శాస్త్రమును ఇందుకు తోడైనది. 2000లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు సైక్స్ అను ఇంటిపేరుగల పురుషుల వై-క్రోమోజోము చిహ్నములను పోల్చి చూడగా, సుమారు సగముమందిలో ఒకే పితృవంశ లక్షణము కానవచ్చినది. తక్కినవారి పేరు సమానమే, పితృవంశము వేరు.

మన కందుకూరు కందుకూరి అయి ఇంటిపేరుగా నిలిచినట్లే, ఆ గుడిసెలపల్లెయు ఒక వంశనామమైనది. ఇంటిపేరు ఊరిని చెప్పగలదు. రక్తమును చెప్పవలసినది పత్రములే. పాత కాగితములను చెదలకు వదలని ఇంటికే పూర్వుల చరిత్ర దక్కును.