ఒంగోలు గోసంతతి – బ్రెజిలు దేశపు లెక్కలు

తెలుగువారు పరప్రాంతములలో స్థిరపడిన చరిత్రను పలువురు వ్రాసియున్నారు. తెలుగునేల పశువు సముద్రము దాటి స్థిరపడిన చరిత్రయు స్మరింపదగినదే.

ఒంగోలు జాతి పశువును బ్రెజిలు దేశమున 'నెలోరె' యందురు. ఒంగోలు ప్రాంతము నాడు నెల్లూరు జిల్లాలో నుండుటయే ఈ పేరునకు కారణము. 1868లో ఒక ఓడ సాల్వదోరు రేవున ఆగినపుడు అందలి రెండు పశువులు అచ్చట అమ్ముడుపోయెను. 1938లో ఆ జాతికి వంశావళి పట్టిక ఏర్పడెను. 1960వ దశకారంభమున వెళ్లిన పశువులలో కరవది గ్రామము పేరు ధరించిన ఆబోతు మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. ఇచ్చట దుక్కికిని బండికిని పెంచబడిన జాతి అచ్చట మాంసమునకై పెంచబడుచున్నది.

మన రైతులు మూపురము, గంగడోలు, నడక, సుడులు చూచి ఆబోతు నెన్నుకొనెడివారు. ఆ చూపు తరతరముల అనుభవఫలము. అయినను బలిసిన దేహములో మేత వలన వచ్చినదెంత, వంశము వలన వచ్చినదెంత యని కన్ను విడదీయజాలదు. కార్నెల్ విశ్వవిద్యాలయ పండితుడు చార్లెస్ హెండర్సన్ గత శతాబ్ది మధ్యకాలమున రూపొందించిన గణితపద్ధతి ఈ చిక్కును విప్పెను. పశువు బరువుతోపాటు దాని తోబుట్టువుల, సంతానపు బరువులను గూడ చేర్చి, ఒకే మందలో ఒకే మేతపై పెరిగినవానిని పోల్చి, ప్రతి ఆబోతునకు ఒక అంకె కట్టుదురు. పాలు మాన్పునాటి బరువు విషయమున ఒక ఆబోతు అంకె 10, వేరొకదాని అంకె 4 అనుకొందము. సమానమైన ఆవులకు కట్టించినచో మొదటిదాని దూడలు సగటున 6 కిలోలు అధికముగా తూగునని దాని భావము. సంతానము లెక్కకు వచ్చిన కొలది అంకె నమ్మకము పెరుగును.

బ్రెజిలు పశుపోషకులు నేడు ఈ అంకెలను బట్టియే ఆబోతుల నెన్నుకొనుచున్నారు. ఇందొక ప్రమాదము లేకపోలేదు. పెద్ద అంకె గల కొలది ఆబోతులనే అందరును వాడినచో రక్తసంబంధము దగ్గరపడి జాతిలోని వైవిధ్యము తరుగును. అపుడు క్రొత్త రక్తమునకై మూలస్థానము వైపే చూడవలసివచ్చును.

ఆ మూలస్థానమున ట్రాక్టరు వచ్చిన పిదప ఎద్దు అవసరము తగ్గినది. చదలవాడ, లాం క్షేత్రములు ఈ జాతిని కాపాడుచున్నవి. క్షేత్రములకు వెలుపల ప్రతి దూడ పుట్టుకయు, తలిదండ్రులును, బరువును రైతు ఇంటనే వ్రాసిపెట్టుట అలవాటు కావలెను. వ్రాత లేనిచో అంకె లేదు. పశువే లేనిచో వ్రాయుటకు ఏమియు మిగులదు.