ఉప్పెన నేర్పిన పని

స్వర్ణోత్సవ సంచికకు నా సేవా కార్యక్రమాల గురించి రాయమని కార్యదర్శిగారు అడిగారు. నా గొప్ప చెప్పుకోవడం కంటే, మన పూర్వ విద్యార్థుల సంఘం ఈ దారి ఎలా పట్టిందో రాయడం మేలనిపించింది.

1977 నవంబర్ 19, శనివారం. నేను పదో తరగతి. తుపాను వస్తోందని రేడియో చెబుతూనే ఉంది. కార్తీకంలో ఇవి మామూలేగా అనుకున్నాం. ఆ సాయంత్రం దివిసీమ మీద సముద్రం విరుచుకుపడింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు దాదాపు 10 వేలు.

నాలుగైదు రోజులకు ఒక మాస్టారి వెంట పూర్వ విద్యార్థులు పదిమంది, పెద్ద తరగతుల పిల్లలం ఆరుగురం లారీలో బయల్దేరాం. పులిగడ్డ దాటాక కోతకొచ్చిన చేలల్లో పశువుల కళేబరాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన స్వచ్ఛంద సేవకులు ముక్కుకు గుడ్డలు కట్టుకుని శవాలను దహనం చేస్తున్నారు. మేం తీసుకెళ్లింది పాత బట్టల మూటలు. రోడ్డు పక్కన అవి అప్పటికే గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక పెద్దాయన, “బట్టలెందుకు బాబూ, తాగడానికి నీళ్లు లేవు. ఆ బావి తోడి పెట్టండి” అన్నారు. ఉప్పునీరు నిండిన బావిని మూడు రోజులు తోడాం. వెళ్లేటప్పుడు ఆయనే, “రేడియో చెప్పింది. ఇంటికొచ్చి చెప్పినవాడు లేడు” అన్నారు.

ఆ మాటే మన సంఘానికి పని చూపించింది. తరువాతి ఏళ్లలో తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచాయి, సరుగుడు తోటలు పెరిగాయి. అయితే భవనం దాకా మనుషుల్ని నడిపించేదెవరు? అందుకే నాలుగు ఊళ్లలో నడవలేనివాళ్లు, ఒంటరివాళ్లు, బాలింతలు ఎవరెవరో ఇల్లిల్లూ తిరిగి పుస్తకంలో రాసుకున్నాం.

1990 మే 9న మళ్లీ పెను తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షలాది మందిని ముందే తరలించారు. మృతులు దాదాపు వెయ్యిమంది. అప్పటికి నేను ఉపాధ్యాయుణ్ణి. ముందురోజు పుస్తకం పట్టుకుని తలుపులు తట్టాం. మేకల్ని వదిలి రానన్న మామ్మను, మేకలతో సహా తీసుకొచ్చాం. ఇంకొక ఇంట్లో తాతగారు, “నువ్వు పద, వెనకే వస్తా” అన్నారు. నమ్మి వెళ్లిపోయాను. ఆయన రాలేదు. ఆయన పేరు ఎదురుగా నేను పెట్టిన టిక్కు గుర్తు ఆ పుస్తకంలో ఇంకా ఉంది.

ఆనాటి నుంచి మనిషి గడప దాటేదాకా గుమ్మంలోంచి కదలకూడదని నియమం పెట్టుకున్నాం.

ఇప్పుడు హెచ్చరికలు ఫోన్లకే వస్తున్నాయి. అయినా మంచంలో ఉన్నవాళ్లను ఫోను లేవదీయలేదు. పుస్తకం పాతబడింది, నా మోకాళ్లూ సహకరించడం లేదు. ఈ ఏడాది తుపానుల కాలానికి ముందే దాన్ని తిరగరాయాలి. చిన్నవాళ్లు ఇద్దరు ముందుకొస్తే ఆ ఇళ్లన్నీ దగ్గరుండి చూపిస్తాను.