స్థౌల్యం, శస్త్రం, కౌమారం

వైద్యశాస్త్రంలో 'బేరియాట్రిక్' అనే మాట ఒకటుంది. అధికమైన బరువుకు చేసే చికిత్సకు అది పేరు. గ్రీకులో 'బరోస్' అంటే బరువు, 'ఇయాత్రోస్' అంటే వైద్యుడు. మన 'బరువు'తో దీనికి ధ్వనిసామ్యమే గాని చుట్టరికం లేదు. చుట్టరికమంతా సంస్కృత 'గురు' శబ్దంతో. భారమైనది అనే అర్థంలోని గురుశబ్దమూ, గ్రీకు 'బరుస్' శబ్దమూ ఒకే మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. జీవితమంతా బడిపంతులుగా గడిపినవాడిని గనుక ఈ మాట నన్ను ఆకర్షించడంలో వింత లేదు. అయితే ఈ టపా ఆ మాట గురించి కాదు. బడి ఈడు పిల్లల ఉదరం మీద కత్తి పెట్టవలసి వచ్చిన చరిత్ర గురించి.

ముందు మన ప్రాచీనుల మాట. చరకసంహిత సూత్రస్థానంలో ఇరవై ఒకటవ అధ్యాయం పేరు 'అష్టౌనిందితీయం'. లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను అక్కడ పేర్కొన్నారు. మరీ పొడుగు, మరీ పొట్టి, ఒళ్ళంతా రోమాలు, రోమాలే లేకపోవడం, మరీ నలుపు, మరీ తెలుపు, మరీ లావు, మరీ సన్నం. అతిస్థౌల్యానికి కారణాలు చెబుతూ అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర మొదలైనవాటి చివర 'బీజస్వభావం' అని కూడా చేర్చారు. అంటే తల్లిదండ్రుల నుండి వచ్చినది. ఈ రెండు మాటలూ, నింద, బీజం, చదువరులు గుర్తుంచుకోవాలని మనవి. తరువాతి కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఆధునిక శస్త్రచికిత్స కథ అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలయిందనవచ్చు. 1954లో క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అనే వైద్యులు చిన్నప్రేగులో అధికభాగాన్ని పక్కకు తప్పించి, తిన్న ఆహారం ఒంటికి పట్టకుండా చేసే పద్ధతిని ప్రకటించారు. బరువు తగ్గిన మాట నిజమే. కాని విడువని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్ళు, కొందరికి కాలేయం చెడిపోవడం దాని వెంట వచ్చాయి. 1980 ప్రాంతానికి ఆ పద్ధతిని దాదాపుగా వదలివేశారు.

ఈలోగా అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ ఒక సంగతి గమనించాడు. పుండు కారణంగా జీర్ణాశయంలో కొంతభాగం తీసివేసిన రోగులు మళ్ళీ బరువు పెరగడానికి కష్టపడుతున్నారు. ఆ అనుభవాన్నే ఆధారం చేసుకొని 1966లో చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ ప్రారంభించాడు. జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా చిన్నప్రేగుకు కలపడం ఇందులోని కిటుకు. 1975లో సోపర్, మేసన్ ప్రభృతులు పిల్లలకూ కౌమారులకూ ఇదే చికిత్స చేసిన అనుభవాన్ని ఒక శిశుశస్త్రవైద్య పత్రికలో ప్రకటించారు. అంటే పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు అర్ధశతాబ్ది వయస్సు నిండిందన్నమాట.

అయినా సంకోచం వీడలేదు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు పెద్దలకు ప్రమాణాలు నిర్ణయించింది. ఎత్తును బట్టి బరువును కొలిచే బి.ఎం.ఐ. 40 దాటినా, తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 దాటినా శస్త్రచికిత్సను పరిశీలించవచ్చన్నది. పిల్లల విషయంలో మాత్రం తగిన పరిశోధన జరగలేదు గనుక సిఫారసు చేయలేమన్నది. 2004లో థామస్ ఇంగే మొదలైనవారు కౌమారులకు గీత గీశారు. ఆరునెలల ప్రయత్నం విఫలమై ఉండాలి, ఎముకల ఎదుగుదల దాదాపు పూర్తయి ఉండాలి, నిర్ణయం తీసుకొనే పరిణతి ఉండాలి, కుటుంబం అండగా నిలవాలి.

ఆ తరువాత వచ్చినవి లెక్కలు. 'టీన్-ల్యాబ్స్' అనే అధ్యయనంలో అయిదు అమెరికన్ ఆసుపత్రుల్లో 242 మంది కౌమారులను పరిశీలించారు. 2016లో ప్రకటించిన మూడేళ్ళ ఫలితాల ప్రకారం సగటున 27 శాతం బరువు తగ్గారు. టైప్-2 మధుమేహం ఉన్నవారిలో 95 శాతం మందికి అది ఉపశమించింది. కాని 57 శాతం మందిలో ఇనుము నిల్వలు తగ్గిపోయాయి. 2024లో వెలువడిన పదేళ్ళ ఫలితాల్లో బి.ఎం.ఐ. తగ్గుదల సుమారు 20 శాతం దగ్గర నిలిచింది. మధుమేహ ఉపశమనం 55 శాతానికి దిగింది. ఇది గొప్ప మేలే, కాని మంత్రం కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది స్వీడన్ అధ్యయనం. అక్కడ 81 మంది కౌమారులకు బైపాస్ చేసి అయిదేళ్ళు పరిశీలించారు. బరువు బాగా తగ్గింది. నలుగురిలో ఒకరికి మళ్ళీ ఉదరశస్త్రచికిత్స అవసరమయింది. అన్నిటికంటే ముఖ్యం, బరువు తగ్గినా చాలామందిలో మనోవ్యథ తగ్గలేదు. ఎందువల్లనో వైద్యులు చెప్పాలి. బడిపంతులుగా నాకు తోచిన కారణం ఒకటున్నది. ముప్పయ్యయిదేళ్ళ ఉద్యోగంలో మారుపేరు పడని లావు పిల్లవాణ్ణి నేను ఏ తరగతిలోనూ చూడలేదు. కత్తి కొవ్వును తగ్గించగలదు గాని, చిన్ననాడు చెవిలో పడిన మాటను కోసివేయలేదు. చరకుని కాలం నాటి నింద నేటికీ నడుస్తూనే ఉంది.

బీజం సంగతి మాత్రం శాస్త్రం తేల్చింది. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది మొదలు, స్థౌల్యం కేవలం జిహ్వచాపల్యం కాదని ఋజువవుతూ వచ్చింది. 2022 డిసెంబరులో అమెరికాలో పన్నెండేళ్ళు నిండినవారికి సెమాగ్లుటైడ్ అనే వారపు సూదిమందును అనుమతించారు. 2023 జనవరిలో అక్కడి శిశువైద్యుల అకాడమీ, పదమూడేళ్ళు దాటి తీవ్రస్థౌల్యం ఉన్నవారిని శస్త్రచికిత్స యోగ్యతా పరీక్షకు పంపవచ్చని చెప్పింది.

"పెద్దయితే అదే తగ్గుతుందిలే" అనడం మనకు అలవాటు. తీవ్రస్థౌల్యం విషయంలో ఆ మాట చాలావరకు నిజం కాదు. అలాగని పదమూడేళ్ళ పిల్లవాడు, జీవితాంతం విటమిన్ మాత్రలు మింగుతూ బ్రతకవలసిన నిర్ణయాన్ని ఎంతవరకు గ్రహించగలడు? తల్లిదండ్రులు అతని తరఫున ఎంతవరకు నిర్ణయించవచ్చు? వేచి ఉండడం కూడా ఒక నిర్ణయమే, దానికీ మూల్యం ఉంది. నా మట్టుకు నాకు, తగిన పరీక్షల తరువాత, పిల్లవాడు తానుగా కోరితే, ఆ ద్వారం మూయరాదని తోస్తున్నది. శస్త్రచికిత్స కొద్దిమందికే అవసరం. నింద మానడం మాత్రం అందరమూ చేయగలిగిన చికిత్స, దానికి కత్తితో పని లేదు. పెద్దలు, వైద్యమిత్రులు తమ అభిప్రాయాలు తెలుపగలరు.