అడవిదున్నల కొండల్లో ఒక ప్రయాణం

మన వైపు పారే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లే భద్రాచలం దాటి పాపికొండల మధ్యకు చేరతాయి. 1940ల మొదట్లో ఆ కొండల్లోకి ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ వెళ్లారు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. శత్రుదేశం పాస్‌పోర్టు ఉన్నందున ఆయన హైదరాబాద్ సంస్థానంలోనే ఉండాల్సి వచ్చింది.

నది వెంట, కొండదారుల్లో వాళ్లు కొండరెడ్ల ఊళ్లు తిరిగారు. అడవిదున్నలు మేసే ఆ అడవిలో కొండరెడ్లు పోడు చేసేవాళ్లు. గింజలు అయిపోతే జీలుగు చెట్టు బెండు పిండితో కడుపు నింపుకునేవాళ్లు. చూడటానికి అందమైన నదే. ఒడ్డున మాత్రం వెదురు, కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కిన కుటుంబాలు. ఎంత వెదురు నరికినా అప్పు తీరేది కాదు. ఈ సంగతి ఆయన నిజాం ప్రభుత్వానికి నివేదించాడు, 1945లో పుస్తకంగానూ వచ్చింది. ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలవడం వెనుకా ఆయన కృషి ఉంది.

ఇప్పుడు ఆ ఒడ్డు ఊళ్లు ఎన్నో పోలవరం ముంపులో ఉన్నాయి. ఊరు మునిగినా రాత మిగిలింది. కానీ రాసింది బయటివాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన తండాల సంగతి మనమే రాయాలి. తండా ఎలా పుట్టింది, భూమి ఎలా వచ్చింది, ఎలా పోయింది, ఎవరికి అప్పు పడ్డాం? తాతలను, నానమ్మలను ఈ సెలవుల్లోనే అడగండి. పేరు, ఊరు, ఏడాదితో రాసిపెట్టండి.