అయస్కాంతమూ, రైలుపట్టా

ప్రేమను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు భౌతికప్రపంచాన్ని ఆశ్రయించడం ప్రాచీనాచారం. క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దంలోనే గ్రీకు తత్త్వవేత్త ఎంపెడోక్లీస్, భూతములను కలిపే శక్తికి ప్రేమ అనీ, విడదీసే శక్తికి ద్వేషమనీ పేర్లు పెట్టాడు. మన భవభూతి ఉత్తరరామచరితలో వస్తువులను లోలోపల కలిపే అవ్యక్తహేతువును స్మరించి, చంద్రోదయానికి ద్రవించే చంద్రకాంతశిలను సాక్ష్యంగా నిలిపాడు.

ఇట్టి ఉపమానాలలో మిక్కిలి సాహసమైనది కాళిదాసుది. కుమారసంభవం ద్వితీయసర్గలో బ్రహ్మ దేవతలకొక ఉపాయం చెబుతాడు: అయస్కాంతం ఇనుమును లాగినట్లు, ఉమాసౌందర్యంచేత శివుని నిశ్చలచిత్తాన్ని ఆకర్షింపజేయవలెనని. ఈ లెక్కలో కదలవలసినది ఇనుము. అయస్కాంతానికి ఏ ప్రమాదమూ లేదు. కాని కావ్యం ఆ లెక్కను అంగీకరించలేదు. తృతీయసర్గలో మన్మథుడు భస్మమైనాడు. పంచమసర్గలో ఉమ తానే పంచాగ్నుల నడుమ నిలిచింది. ఆకర్షింపవలసినదే తపించింది.

భౌతికశాస్త్రం ఈ విషయంలో బ్రహ్మ పక్షాన గాక కవి పక్షాన నిలుస్తుంది. 1687లో వెలువడిన తన మహాగ్రంథంలో న్యూటన్ ఒక ప్రయోగం చెప్పాడు. అయస్కాంతాన్నీ ఇనుమునూ వేరువేరు పాత్రలలో ఉంచి నిశ్చలజలంపై తేలవిడిచాడు. అవి దరిచేరి ఆగిపోయినవేగాని, ఒకదానినొకటి తోసుకొనిపోలేదు. ఇనుము కూడ అయస్కాంతాన్ని అంతే బలంతో లాగుతున్నది గనుక! లాగేవాడు లాగబడక తప్పదు. అయితే మానవహృదయాలలో ప్రతిబలం సమానంగా ఉండునన్న హామీ లేదు. అనురాగంలోని సాహసమంతా అక్కడనే ఉన్నది.

ఆ సాహసాన్ని ఓర్చుకొనడ మెట్లన్న ప్రశ్నకు ఉపమానం కావ్యశాలలో కంటె కర్మశాలలో సులభంగా దొరుకుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఖరగ్‌పూర్‌ను పెద్ద జంక్షనుగా, వర్క్‌షాపు పట్టణంగా పెంచింది. ఉత్తరాంధ్రనుండి, గంజాం సీమనుండి పనికై తరలివచ్చిన తెలుగువారు అక్కడ తరతరాలుగా స్థిరపడ్డారు. 1920 దశకంలో వి. వి. గిరి ఆ రైల్వే కార్మికులకు నాయకుడు. పట్టణానికి చేరువనున్న హిజ్లీ నిర్బంధశిబిరంలో 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పులకు ఇద్దరు రాజబందీలు బలియైనారు. ఆ భవనంలోనే 1951లో తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. అక్కడ నల్లబల్లపై సూత్రమైన శాస్త్రం, పట్టాలవద్ద కూలివాని చేతి అనుభవం.

తాపమన్న ఒక్క మాటే మన భాషలో ఎండవేడికీ, విరహానికీ చెల్లుతుంది. పదమూడు మీటర్ల ఉక్కుపట్టా 40 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. కావుననే వెనుకటివారు పట్టాకూ పట్టాకూ నడుమ ఎడము విడిచేవారు. పాతబండి ప్రయాణంలో వినవచ్చే టకటక ఆ ఎడముల ధ్వనియే. ఎడము చాలకుండ బిగించిన పట్టా ఎండకు వంకరపోతుంది. ఇటీవలి కాలంలో పట్టాలను అతికి ఎడములను చాలవరకు తొలగించారు. కాని బలం మాయమైపోలేదు. అది పట్టాలోనే అణగి ఉన్నది. స్లీపర్లూ కంకరా దానిని పట్టి ఉంచుతున్నవి. కంకర సడలిన చోట పట్టా ప్రక్కకు ఉబుకుతుంది. అందుచేతనే గ్యాంగుమనుషులు వేసవిలో దారిని కనిపెట్టి ఉండాలి.

ఉద్వేగానికి సయితం ఈ రెండే మార్గములు: సాగుటకు చోటు విడువవలె, లేదా అణచిన బలాన్ని నిత్యం కాపాడుకొనవలె. తాపమే లేదనుకొనడం మూడవ మార్గం కాదు. ఊరు విడిచి దూరదేశంలో కాపురాలు నిలుపుకొన్న వారికి ఈ ఎడము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

శాస్త్రంనుండి ఉపమానాన్ని తెచ్చుకొనే కవి ఒక్క నియమం పాటింపవలె: వస్తువుతోబాటు దాని ధర్మాన్ని కూడ తుదముట్ట తెచ్చుకొనడం. అయస్కాంతాన్ని మాత్రం తెచ్చి ప్రతిబలాన్ని విడిచిపెడితే అది అలంకారమే అవుతుంది. ప్రతిబలాన్ని కూడ తెచ్చినపుడే ఉమ తపస్సు అర్థమవుతుంది.